ఏడుపు రాని ప్రొఫెసరమ్మ

ప్రొఫెసర్ కమలాకుమారి ముఖం కదలదని రామచంద్రాపురం క్వార్టర్లలో అందరికీ తెలుసు. పాలు విరిగినా అదే ముఖం, ప్రమోషన్ వచ్చినా అదే ముఖం. పక్కింటివాళ్లు దాన్ని గాంభీర్యం అనుకున్నారు. విశ్వవిద్యాలయంలో తోటివాళ్లు క్రమశిక్షణ అనుకున్నారు. ప్లాంటు పెద్దలైతే అదేదో గొప్ప విద్య అనుకుని, మావాళ్లకూ నేర్పండమ్మా అని వెంటపడ్డారు. పాపం, చివరికి ఆమె కూడా అలాగే అనుకుంది.

అసలు సంగతి అంత గొప్పదేం కాదు. ఆమె, భర్త నరసరాజు భీమవరం వైపు నుంచి వచ్చినవాళ్లు. ఆయనకు కొత్తగా పెట్టిన ప్రభుత్వ ప్లాంటులో ఇంజనీరు ఉద్యోగం. ఆమె రోజూ బస్సెక్కి హైదరాబాదు వెళ్లి మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్పేది. వాళ్లకొక్కతే కూతురు పద్మావతి, పద్దు అని పిలుచుకునేవారు. అరవై ఆరు ఎండాకాలంలో ఆ పిల్ల జ్వరం మెదడుకెక్కి పోయింది. అప్పటికి ఆరేళ్లు.

కమలాకుమారి ఏడవలేదు. ఏడవకూడదని పట్టుబట్టిందేమీ లేదు, రాలేదు, అంతే. కర్మకాండలు కాగానే బస్సెక్కి వెళ్లి క్లాసు తీసుకుంది. ఎంత నిబ్బరమమ్మా అన్నారు చూసినవాళ్లు. నిబ్బరానికీ మొద్దుబారడానికీ తేడా చూసేవాళ్లకి తెలియదు. అనుభవించే మనిషికి అసలే తెలియదు. అప్పట్నుంచి ఆమెకు ఆకలి వేసేది, తినేది. నిద్ర వచ్చేది, పడుకునేది. మనసుకు మాత్రం ఏదీ తగిలేది కాదు. ఒకసారి నరసరాజు భోజనం దగ్గర, "ఇవాళ పద్దు పుట్టినరోజు కదూ" అన్నాడు. ఆమె ఆయన వంక చూసి, "మీకు పద్దు గుర్తొస్తున్నట్టుంది" అంది. డాక్టరు రోగితో మాట్లాడినట్టుందే అనుకుని ఆయన నోరు మూసుకున్నాడు. ఆ తరువాత ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ గొడవలు వచ్చాయి. ఒకరోజు క్వార్టర్ల గేటు ముందు రాళ్లు పట్టుకుని గుంపు చేరింది. కోస్తావాళ్లంతా తలుపులు బిడాయించుకున్నారు. ఆ సంగతేమీ తెలియని కమలాకుమారి బస్సు దిగి తిన్నగా ఆ గుంపు మధ్యలోకే నడిచొచ్చింది. ముందున్న మనిషి ఆమె ముఖంలో ముఖం పెట్టి అరిచాడు. మా భూములు తీసుకున్నరు, మా కొలువులు తీసుకున్నరు, మమ్మల్ని మా ఊర్లనే కూలోళ్లను జేసిండ్రు అని గొంతు చించుకున్నాడు. ఆమె నిలబడి వింది. భయపడలేదు, కోప్పడలేదు, తలకూడా ఊపలేదు. అరిచి అరిచి అతని గొంతు బొంగురుపోయింది.

"నువ్వన్న ఇన్నవమ్మా" అని చేతిలో రాయి కింద పడేసి వెళ్లిపోయాడు. అతని వెనకే మిగతావాళ్లూ చెదిరిపోయారు.

అందులో ఆమె చేసిన ఘనకార్యం ఏదీ లేదని మనకు తెలుస్తూనే ఉంది. కానీ చదువుకున్నవాళ్లకు ఏది జరిగినా దానికొక సిద్ధాంతం కావాలి. ఆమె కూర్చుని ఆలోచించి కనిపెట్టింది: కోపంతో వచ్చిన మనిషికి ఎదుటి ముఖంలో భయం కనిపిస్తే రెచ్చిపోతాడు, వెటకారం కనిపిస్తే రెచ్చిపోతాడు, జాలి కనిపించినా రెచ్చిపోతాడు. ఏమీ కనిపించకపోతే చల్లారతాడు. కాబట్టి కౌన్సెలర్ ముఖంలో ఏమీ ఉండకూడదు. దీనిమీద ఆమె వ్యాసాలు రాసింది, సభల్లో మాట్లాడింది. ప్లాంటువాళ్లు ఖాళీగా ఉన్న ఒక క్వార్టరు ఇచ్చి, చుట్టుపక్కల బడిపంతుళ్లకూ నర్సులకూ వెల్ఫేర్ గుమాస్తాలకూ శిక్షణ ఇమ్మన్నారు. హింసను నివారించే విద్య అని బోర్డు పెట్టారు. ఊళ్లవాళ్లు మాత్రం దాన్ని ముచ్చట్ల రూము అనేవాళ్లు.

ఆ రూములో పాఠం చెప్పే తీరే వేరు. ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టేది. ఒకరు తమ జీవితంలో జరిగిన కష్టం చెప్పాలి. రెండోవాళ్లు అంచుదాకా నీళ్లు పోసిన గ్లాసు అరచేతిలో పెట్టుకుని వినాలి. చుక్క ఒలికితే మళ్లీ మొదటినుంచి. సలహా ఇవ్వకూడదు, అయ్యో అనకూడదు. ఎదుటివాళ్లు అన్నమాటనే వాళ్లకు తిరిగి అప్పగించాలి. ఒళ్లు మండుతోందని వాళ్లంటే, మీకు ఒళ్లు మండుతున్నట్టుంది అనాలి. మొదటిరోజు గచ్చు తడిసి ముద్దయ్యేది. మగవాళ్లు నవ్వు ఆపుకోలేక ఒలకబోసేవాళ్లు, ఆడవాళ్లు ఏడుపు ఆపుకోలేక ఒలకబోసేవాళ్లు.

ఒక్క చుక్కకూడా ఒలకబోయని మనిషి సోమమ్మ. ఇస్నాపూర్‌లో బాలవాడి టీచరు, పాతికేళ్ల పిల్ల. ఆమెకు ఈ విద్యమీద గొప్ప నమ్మకం. వాళ్ల ఊళ్లో మాటామాటా పెరిగి తలకాయలు పగిలిన ఇళ్లు ఆమెకు తెలుసు. ఇది నేర్చుకుంటే అవన్నీ ఆపొచ్చు అనుకుంది. డెబ్భై నాలుగు నాటికి కమలాకుమారికి ఆమె కుడిభుజం. తన తరువాత ఈ పని నడిపేది సోమమ్మేనని ప్రొఫెసరు నలుగురిలోనూ అనేది.

ఆ సంవత్సరమే పటాన్‌చెరు రోడ్డుమీద ఒక ప్రైవేటు ఫౌండ్రీలో ఐలన్న అనే కార్మికుడు చచ్చిపోయాడు. ఇనుము కరిగించి పోతపోసే చోటు అది. పోతపోసిన దిమ్మను గొలుసుతో పైకెత్తి పక్కకు దించాలి. గొలుసు బాగలేదని ఐలన్న పొద్దున్నే చెప్పాడు. ఈ ఒక్కటీ దించేయ్, తరువాత మారుద్దాం అన్నాడు సూపర్‌వైజర్ త్రినాథరావు. ఆ ఒక్కటే ఐలన్నమీద పడింది.

ఐలన్న తమ్ముడు యాదన్న కొరివి దగ్గరే ఒట్టు పెట్టుకున్నాడు. "దినాలు గానియ్. దినాలు ఎల్లిన తెల్లారి ఆ త్రినాథరావును బతకనియ్య" అన్నాడు. అన్నకు కొరివి పెట్టినవాడు కాబట్టి కర్మ పూర్తయ్యేదాకా ఆ పనికి ఇల్లు కదలడు. ఆ తరువాత మాత్రం ఆగడు. అతని సంగతి తెలిసినవాళ్లెవరూ అది ఉత్తమాట అనుకోలేదు. త్రినాథరావు పెళ్లాంపిల్లల్ని రాజమండ్రి పంపించేసి, ఇంట్లో గడియ వేసుకుని కూర్చున్నాడు. పారిపోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని యాజమాన్యం అతన్ని కదలనివ్వలేదు.

ఫ్యాక్టరీ మేనేజరు కమలాకుమారి దగ్గరికి వచ్చాడు. హింస జరగకుండా మీరే చూడాలండీ అన్నాడు. మనిషిమీద ఇనుము పడటాన్ని ప్రమాదం అన్నారు. మనిషి కర్ర పట్టుకుంటానంటేనే దానికి హింస అని పేరు పెట్టారు. పేర్లు పెట్టేది ఎప్పుడూ కర్ర అక్కర్లేనివాళ్లే కదా.

ఐలన్న, యాదన్న సోమమ్మకు పెద్దమ్మ కొడుకులు. ఒకే వాకిట్లో పెరిగారు. ఆ సంగతి తెలిసీ కమలాకుమారి ఆమెనే పంపింది. తెలుసు గనకనే పంపింది. "చెల్లెలిగా వెళ్లకు. కౌన్సెలర్‌గా వెళ్లు. వాళ్లను మాట్లాడనివ్వు. నీ దుఃఖం నీ దగ్గరే ఉంచుకో" అని చెప్పింది.

"ఉంచుకుంట మేడం" అంది సోమమ్మ.

ఆ వైపు ఊళ్లలో చావు పరామర్శకు వెళ్తే పలకరింపు మాటలతో ఉండదు. వచ్చిన ఆడది వాకిట్లో అడుగు పెట్టగానే ఇంటామె ఎదురొచ్చి మెడమీద పడుతుంది. పోయినవాళ్లను పేరుపెట్టి పిలుస్తూ రాగం తీస్తుంది. వచ్చినామె ఆ రాగం అందుకోవాలి. ఆ చావుకు ఏడుపు రాకపోతే తనవాళ్లలో ఎప్పుడో పోయినవాళ్లను తలుచుకునైనా ఏడవాలి. దాన్ని ఎవరూ నటన అనుకోరు. మెడ ఇచ్చి, ఏడుపు ఇవ్వనివాళ్లు పగవాళ్లే.

ఇదంతా సోమమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చిన్నప్పట్నుంచీ ఏడ్చినదే. అయినా ఆరోజు ఆమె వాకిట్లోకి వెళ్తే ఐలన్న తల్లి రాజవ్వ, "వొచ్చినవా బిడ్డా, నీ అన్న ఏడే..." అని మెడమీద పడింది. సోమమ్మ ఆమెను నిటారుగా పట్టుకుంది. వీపు నిమిరింది. కదలని ముఖంతో, "సెప్పు పెద్దమ్మా, నేనింటున్న" అంది.

రాజవ్వ రాగం సగంలో తెగిపోయింది. వాకిట్లో ఆడవాళ్లంతా ఏడుపు ఆపి చూశారు.

"కంపిని మనిషయ్యింది" అంది ఎవరో మూలనుంచి.

యాదన్న లేచి వచ్చాడు. "ఎవడు పంపిండే నిన్ను? ఆ త్రినాథరావా?"

"నీకు కోపమొస్తున్నట్టుందన్నా" అంది సోమమ్మ, నేర్చుకున్నది నేర్చుకున్నట్టు.

ఆ మాటతో అతనికి ఉన్న కాస్త ఓపికా పోయింది. చెయ్యి పట్టి బయటికి గెంటేశాడు. దినాలదాకా ఆగేది లేదు, రేపే తేలుస్తా అన్నాడు. ఆగమని చెప్పేవాళ్లు ఇప్పుడా వాకిట్లో ఎవరూ లేరు. చుట్టాలంతా కర్రలు వెతికే పనిలో పడ్డారు.

సోమమ్మ క్వార్టరుకు వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె ముఖం కదల్లేదు. తన అన్న చనిపోయాడు, తన ఇంట్లోంచి తనను గెంటేశారు, తెల్లారితే ఇంకో అన్న హంతకుడు కాబోతున్నాడు. అయినా పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. చివర్లో, "నేనేమన్న తప్పు జేసిన్నా మేడం?" అని అడిగింది.

"లేదు. నేర్పినట్టే చేశావు" అంది కమలాకుమారి. అంటున్నప్పుడు ఎక్కడో ఏదో బాధ కలగాలి కదా అనిపించింది. కలగలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఇస్నాపూర్ వెళ్లారు. పోలీసుల్ని పిలుద్దామని మేనేజరు అంటే కమలాకుమారి వద్దంది. నేను విఫలమైతే అప్పుడు చూడండి అంది. వాకిట్లో మగవాళ్లు గోడవారన కూర్చుని బీడీలు తాగుతున్నారు. కర్రలు గోడకు ఆనించి ఉన్నాయి. యాదన్న ఒక్కడే నిలబడి ఉన్నాడు. అతని కర్ర అతని చేతిలోనే ఉంది. సోమమ్మను చూసి మొహం తిప్పుకున్నాడు. ఆడవాళ్లెవరూ లేవలేదు.

రాజవ్వ మాత్రం లేచింది. వచ్చింది పగవాళ్లయినా ఆడమనిషి వాకిట్లోకి వస్తే ఎదురుపోవడం ఆమెకు తెలిసిన మర్యాద. వచ్చి కమలాకుమారి మెడమీద పడింది.

"ఓ కొడుకా... పొద్దుగాల సద్ది గట్టియ్యమంటివి కొడుకా... గట్టిచ్చిన సద్ది ఎవ్వలు తినిరి కొడుకా... నీ వాకిట్లకు పెద్దసారమ్మ వచ్చిందిరా, లేసి కుర్సి ఎయ్యి కొడుకా..."

ఆమె కన్నీళ్లు కమలాకుమారి జాకెట్టు భుజంమీద పడి తడిపాయి. ఆ తడి తెలుస్తోంది. ముసలామె ఒంట్లో వణుకు తెలుస్తోంది. రాగం ఒకచోట ఆగింది. ఇక్కడ తను అందుకోవాలని కమలాకుమారికీ తెలిసింది. ఈసారి ఆమె నిజంగా ప్రయత్నించింది. పద్దును తలుచుకుంది. ఆకుపచ్చ గౌను తలుచుకుంది, నుదుటిమీద పెట్టిన తడిగుడ్డ తలుచుకుంది, అమ్మా లైటు తియ్యి అన్న మాట తలుచుకుంది. అన్నీ వచ్చాయి, వరసగా వచ్చాయి. కన్నీళ్లు రాలేదు. ట్యాంకులో నీళ్లు అయిపోయాక క్వార్టరు కొళాయి ఎంత తిప్పినా గాలే వచ్చినట్టు, గొంతులోంచి ఊపిరి మాత్రం వచ్చింది.

రాజవ్వ వెనక్కి జరిగి ఆమె ముఖంలోకి చూసింది. బొటనవేలితో కంటికొస తుడిచి చూసుకుంది. వేలు పొడిగా ఉంది.

"ఎవ్వలు సావలేదా బిడ్డా నీకు?" అని అడిగింది. వెటకారం కాదు, తెలియక అడిగింది.

కమలాకుమారి జవాబు చెబుదామనుకుంది. నోరు ఆమెకంటే ముందే, అలవాటుగా, పలికేసింది. "నాకెవరూ చావలేదని మీకు అనిపిస్తున్నట్టుంది."

యాదన్న కర్ర నేలకు ఒకసారి కొట్టాడు.

అప్పుడు వెనకనుంచి సోమమ్మ అంది. "ఉన్నది పెద్దమ్మా. బిడ్డ సచ్చిపోయింది. ఒక్కతే బిడ్డ. ఆరేండ్ల పిల్ల. ఈమె ఇంటి సారు సెప్పిండు నాకు."

"మరి ఏడ్వలే?"

"ఏడ్వలే. ఇప్పటిదాంక ఏడ్వలే." ఆ మాట అంటూ అంటూనే సోమమ్మ ముఖం విరిగిపోయింది. రెండేళ్లు కాపాడుకున్న ముఖం. "ఓ అన్నా... ఐలన్నా... నీ సావుకు నేను ఏడ్వకుంట నిలవడ్డ గదరా అన్నా..." అని నేలమీద కూలబడింది. రాజవ్వ వంగి ఆమెను దగ్గరికి తీసుకుంది. నిన్న మూలనుంచి కంపిని మనిషి అన్న ఆమె కూడా వచ్చి పట్టుకుంది.

కొంతసేపటికి రాజవ్వ తలెత్తి, "పేరేంది బిడ్డది?" అంది.

"పద్మావతి" అంది సోమమ్మ.

రాజవ్వ కమలాకుమారి చెయ్యి పట్టి తన పక్కన కూర్చోబెట్టుకుంది. తల ఆకాశానికెత్తి రాగం తీసింది.

"ఓ పద్మవ్వా... ఓ సిన్న బిడ్డా... అవ్వకు ఏడ్పు గూడ మిగిల్చకుంట పోతివానే బిడ్డా... ఆడ నువ్వు ఒక్కదానివే ఉన్నవానే... మా ఐలడు వస్తుండే ఆడికి... ఆని ఏలు వట్టుకొని నడువే బిడ్డా..."

ఆడవాళ్లందరూ అందుకున్నారు. ముక్కూముఖం తెలియని ఇస్నాపూర్ ఆడవాళ్లు, భీమవరం పిల్లకోసం, గుండెలు బాదుకుని ఏడ్చారు. ఎనిమిదేళ్లలో పద్దుకోసం అంతమంది ఏడవడం అదే మొదలు. పద్దు తల్లి వాళ్ల మధ్య పొడి కళ్లతో కూర్చుని ఉంది. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు.

రాజవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని కొడుకు వైపు తిరిగింది.

"కట్టె కింద పడెయ్‌రా యాదిగా."

"అవ్వా, నువ్వు సప్పుడు సెయ్యకు."

"ఇసొంటోళ్ల మీదికారా నువ్వు వోతున్నది? కన్నబిడ్డ సస్తే కంట్ల సుక్క రాలేదట ఈమెకు. ఇగ నువ్వు కొత్తగ ఏం గొడ్తవురా ఈళ్లను? ఒక కొడుకును మన్నువాలు జేసిన. ఇంకొగన్ని జేలుకు తోలి నేనెవ్వలి మెడమీద పడి ఏడ్వాలె?"

యాదన్న తల్లి వంక చూశాడు. ప్రొఫెసరు వంక చూశాడు. ఆమె ముఖంలో ఏమీ లేదు. ఏమీ లేకపోవడాన్ని చాలాసేపు చూశాడు. తరువాత కర్ర గోడకు ఆనించి, మగవాళ్లలో కూర్చుని, మోకాళ్లమీద తల పెట్టుకున్నాడు.

"ఆ త్రినాథరావును గూడ దినాలకు రమ్మను" అంది రాజవ్వ, కమలాకుమారితో. "ఏడ్పొస్తే ఏడుస్తడు. రాకుంటే బువ్వ తిని పోతడు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సు స్టాపు దగ్గర సోమమ్మ నిలబడిపోయింది. "నేనిగ రూముకు రాను మేడం. నాతోని కాదు" అంది. ఆమె కళ్లు వాచి ఉన్నాయి, చీర కుచ్చెళ్ల నిండా మట్టి. కమలాకుమారి సరేనంది. బస్సు రాగానే ఎక్కింది.

దినాలకు త్రినాథరావు వచ్చాడు. గుమ్మంలోనే కూలబడి భోరున ఏడ్చాడు. అది భయమో బాధో అతనికే తెలియాలి. యాదన్న అతని ముఖం చూడలేదు, చెయ్యీ ఎత్తలేదు. ఫౌండ్రీలో గొలుసు మార్చారు. హింసను నివారించారని కమలాకుమారికి శాలువా కప్పారు. ఆ తరువాత ఆమె పేరు ఢిల్లీ దాకా వెళ్లింది. బొంబాయిలో, మద్రాసులో ఎందరికో అదే పాఠం చెప్పింది. ఇక్కడి సభల్లో ఇస్నాపూర్ సంగతి అడిగినవాళ్లకు, సంయమనంతో వినడంవల్ల సాధ్యమైంది అని మేనేజరే ఆమె పక్కన నిలబడి చెప్పేవాడు. ఆమె కాదనలేదు.

ఇస్నాపూర్‌నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం ఇంట్లో జరిగింది మాత్రం ఎవరికీ తెలియదు. నరసరాజు డ్యూటీనుంచి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా ఎదురుచూస్తున్నాడు.

"ఆగారా వాళ్లు?"

"ఆగారు."

"హమ్మయ్య. ఏం చెప్పావేంటి?"

"నేనేం చెప్పలేదండీ. నన్ను చూసి జాలిపడ్డారు" అంది కమలాకుమారి. చెప్పులు విప్పి గోడవారన పెట్టింది. "పద్దు కోసం ఏడ్చారు. అందరూ."

నరసరాజు కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. "ఏమని ఏడ్చారు?" అని అడిగాడు.

ఆమె చెప్పింది. రాగం లేకుండా, ఒక్కమాటా పొల్లుపోకుండా, పద్మవ్వా అన్నదగ్గర్నుంచి ఐలడి వేలు పట్టుకుని నడవమన్నదాకా చెప్పింది. చివరిమాట పూర్తికాకముందే ఆయన రెండుచేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో ఏడవడానికి చోటు దొరకని మనిషి, పక్కింటివాళ్లకు వినిపిస్తుందనైనా చూడకుండా, పద్దూ పద్దూ అని ఏడ్చాడు.

ఆయన ఏడుస్తున్నంతసేపూ కమలాకుమారి ఎదురుగా కూర్చుని వింది. వినడం ఆమెకు బాగా వచ్చు.